వాగవతలి ముసలామె జబ్బులు

డాక్టర్ల చేతిరాత చదవడం నాకు అక్షరాభ్యాసంతో పాటే వచ్చింది. మా నాన్న కృష్ణా జిల్లాలో ఒక చిన్న ఊళ్లో ప్రభుత్వ డిస్పెన్సరీ కాంపౌండర్. డాక్టరుగారు వారానికి రెండు రోజులు వచ్చి చీటీలు రాసి వెళ్లిపోయేవారు. మిగతా రోజుల్లో మందులు కలపడం, సీసాల్లో పోయడం, రిజిస్టర్ రాయడం అన్నీ నాన్నే. సాయంత్రం స్కూలు నుంచి వచ్చాక ఆ చీటీలు నాన్నకి పైకి చదివి వినిపించడం నా పని. తప్పు చదివితే చెవి మెలిపెట్టేవాడు. గ్రెయిన్లు, డ్రాములు, ఔన్సులు అప్పటికే పాతబడిపోయిన కొలతలు. అయినా నాన్న నేర్చుకున్నది అవే కాబట్టి నాకూ అవే వచ్చాయి. ఆయనది ఒకటే సూత్రం. డాక్టరు రాసింది రాసినట్టు కట్టివ్వాలి, మధ్యలో మన బుర్ర పెట్టకూడదు.

ఆ చదువు యాభయ్యో ఏట కెనడాలో నాకు అన్నం పెట్టింది.

మేం ఉండేది ఒంటారియోలోని లండన్‌లో. మా ఆయన సాఫ్ట్‌వేర్. నేను ఇండియాలో బి.ఫార్మసీ చదివాను కానీ ఇక్కడ ఫార్మసిస్టు లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పాను. మూడోసారి కూర్చునే ఓపిక లేక, ఒక మందుల షాపులో అసిస్టెంటుగా తొమ్మిదేళ్లు మాత్రలు లెక్కపెట్టాను. తర్వాత వాళ్లు గంటలు తగ్గించేశారు. ఆ టైంలోనే, ఊరికి గంట డ్రైవ్ దూరంలో ఉన్న ఒక చిన్న మ్యూజియం ప్రకటన కనబడింది. పాతకాలపు డాక్టరు ఒకాయన రాసుకున్న పుస్తకాన్ని చదివి కంప్యూటర్లోకి ఎక్కించాలి, ఆరు నెలల కాంట్రాక్టు. అప్లై చేశాను.

ఇంటర్వ్యూలో మ్యూజియం డైరెక్టర్‌గారు ఒక పేజీ ఇచ్చి చదవమన్నారు. నాకన్నా ముందు వచ్చిన ముగ్గురూ చరిత్రలో ఎమ్మేలు చేసినవాళ్లట, రెండు లైన్లు కూడా దాటలేకపోయారట. నేను పేపరు చదివినట్టు చదివేశాను. ఆయన కళ్లజోడు తీసి, ఎక్కడ నేర్చుకున్నారని అడిగారు. మా నాన్న ఫార్మసీ ఫీల్డులో ఉండేవారని చెప్పాను. ఇంగ్లీషులో ఆ మాట ఉన్నదానికన్నా చాలా పెద్దగా వినబడుతుంది. నేను దాన్ని సరిదిద్దలేదు.

పుస్తకం తోలు అట్టది, జేబులో పట్టేంత. కెనడా ఇంకా ఇంగ్లీషువాళ్ల వలసగా ఉన్న రోజుల్లోది. ఆ డాక్టరు తెల్లవాడు. ఊరికి ఇవతల మిల్లులూ తెల్లవాళ్ల ఇళ్లూ, మధ్యలో ఒక వాగు, వాగవతల అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన నల్లజాతి వాళ్ల గుడిసెలు. వాళ్లు అడవి కొట్టి, బురదనేలలో కాలవలు తీసి పొలాలు చేసుకున్నారు. బురద ఉన్నచోట దోమలుంటాయి, దోమలున్నచోట చలిజ్వరం ఉంటుంది. ఈ ప్రాంతంలో ఒకప్పుడు మలేరియా ఉండేదంటే మా ఆయన నమ్మలేదు, మంచుదేశంలో దోమలేమిటని నవ్వాడు. జులైలో ఒకసారి వాగు పక్కకి తీసుకెళ్లాను. తర్వాత నమ్మాడు.

పుస్తకంలో ఒక్కో లైను ఒక్కో రోగి. తారీఖు, మనిషి, మందు, మోతాదు. జబ్బు పేరు ఉండదు. డాక్టరు స్వయంగా ఇంటికి వెళ్లి చూసి ఉంటే లైను పక్కన చిన్న ఇంటూ గుర్తు. తెల్లవాళ్లకి మిస్టర్, మిసెస్ అని పూర్తి పేర్లున్నాయి. వాగవతలి వాళ్లకి పేర్లు లేవు. బండి తోలేవాడు, బట్టలుతికే ఆమె, చేయి విరిగినవాడు, అంతే. వాళ్లందరిలోకీ ఎక్కువసార్లు కనిపించేది మాత్రం ఒకామె. వాగవతలి ముసలామె అని రాసేవాడు ఆమెని. కొన్ని వారాల్లో రోజు విడిచి రోజు ఆమె లైను ఉంటుంది, అదీ ఒకటి కాదు, నాలుగైదు.

నేను రోజుకి ఆరేడు పేజీల చొప్పున చదువుతూ, టైపు చేస్తూ పోయాను. ఒకచోట ఆ ముసలామె లైనులో ఎర్గాట్ అనే మందు కనిపించింది. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే ఇచ్చేవాళ్లు దాన్ని. నేను కిందన చిన్న నోట్ పెట్టాను, డాక్టరు పొరపాటున రాసి ఉండవచ్చు అని. పెట్టి, టీ తాగడానికి వెళ్లాను.

నాలుగో నెలలో డైరెక్టర్‌గారు ఒక కొత్త పని చెప్పారు. తొలినాటి వైద్యం గురించి మ్యూజియంలో ఒక గది తయారవుతోంది, గోడమీద బోర్డులు పెడతారు. పుస్తకం మొత్తం చదివినదాన్ని నేనే కాబట్టి మొదటి డ్రాఫ్టు నన్ను రాయమన్నారు. రెండు రాశాను. ఒకటి డాక్టరు గురించి, పేద నల్లజాతి వాళ్లకి కూడా వైద్యం చేసిన మంచి మనిషి అని. రెండోది ముసలామె గురించి. ఆమె దీర్ఘరోగి అని, ఒకదాని తర్వాత ఒకటి జబ్బులు ఆమెని వదల్లేదని, డాక్టరు ఏళ్ల తరబడి విసుక్కోకుండా ఆమెని చూశాడని రాశాను. నాకే చాలా బాగా నచ్చింది. డైరెక్టర్‌గారు చదివి, మనసుకి తగిలేలా ఉందన్నారు. ఆ రోజంతా నా కాళ్లు నేలమీద లేవు.

అక్కడొక పద్ధతి ఉంది. బోర్డు ప్రింటుకి పంపే ముందు ఆ మనుషుల వారసులు ఎవరైనా ఉంటే వాళ్లకి చూపించాలి. వాగవతల ఇప్పుడు ఒక చిన్న చర్చి, ఒక స్మశానం, నాలుగైదు ఇళ్లు మిగిలాయి. అందులో ఒక ఇంట్లో ఎనభై మూడేళ్ల పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. చర్చి పాత లెక్కల ప్రకారం ఆ కాలంలో వాగవతల డెబ్బయ్యేళ్ల మనిషి ఒకామే, ఆమె ఈవిడ అమ్మమ్మకి అమ్మమ్మ. ముప్పై ఏళ్లు స్కూల్ బస్సు నడిపి రిటైరైంది. డ్రాఫ్టు పట్టుకెళ్లి చూపించి, సంతకం తీసుకురావడం నా వంతైంది. బోర్డులు ప్రింటుకి వెళ్లడానికి ఇంకా నాలుగు వారాలుంది.

మొదటి రోజు గుమ్మంలోనే తన పేరు చెప్పి, పేరు పెట్టి పిలవమంది. ఎనభై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవడం నా వల్ల కాదు, పాతికేళ్లు ఇక్కడున్నా నోరు తిరగదు. ఆంటీ అంటానన్నాను. దానర్థం చెబితే విని, "అలాగే పిలువు. మీ మ్యూజియం ఉత్తరాల్లో నన్ను కమ్యూనిటీ స్టేక్‌హోల్డర్ అంటున్నారు, దానికన్నా నయం," అంది.

కాగితం చేతికిచ్చాను. వంటింట్లో కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, దూరంగా పెట్టుకుని, రెండుసార్లు చదివింది. తర్వాత బల్లమీద బోర్లించి పెట్టింది.

"ఇది ఆవిడ కాదు," అంది.

పుస్తకంలో అలాగే ఉంది ఆంటీ అన్నాను.

"పుస్తకంలో ఏముందో నాకు తెలీదు. మా అమ్మమ్మ చెప్పింది నాకు తెలుసు. ఆవిడ కెంటకీ నుంచి నడిచి వచ్చింది. ఇద్దరు మొగుళ్లని పాతిపెట్టింది. పోయే వారం దాకా తన కట్టెలు తనే కొట్టుకుంది. ఒక్కరోజు మంచం పట్టలేదు."

నేను తలూపాను. మనసులో మాత్రం, మన ఇళ్లలోనూ ఇంతే కదా అనుకున్నాను. పోయిన పెద్దవాళ్లకి జబ్బులుండవు, కోపాలుండవు, అందరూ ఉక్కు మనుషులే. లోపలి నవ్వు నా మొహంలో కనబడిందేమో, ఆవిడ కుర్చీ నా వైపుకి లాక్కుంది.

"ఈ బోర్డు గోడమీద ఎన్నాళ్లుంటుంది?"

"పది, పదిహేనేళ్లు ఉండొచ్చు."

"స్కూలు పిల్లల్ని అక్కడికి ట్రిప్పు తీసుకొస్తారు. నేనే ఎన్నిసార్లు తెచ్చానో. మా మునిమనవలు ఇద్దరు ఆ స్కూల్లోనే ఉన్నారు. టీచరు పైకి చదువుతుంది, వీళ్ల ముసలమ్మ రోగిష్టిది, తెల్ల డాక్టరు జాలి మీద బతికింది అని. తిరుగు ప్రయాణంలో బస్సులో పిల్లలు ఏమంటారో నీకు తెలీదు. నాకు తెలుసు, నేను అద్దంలో చూస్తూ నడిపినదాన్ని." కాగితం పక్కకి జరిపి, "అప్పటికి కాదనడానికి నేను ఉండను," అంది.

సంతకం పెట్టలేదు. సంతకం లేకపోయినా బోర్డు పెట్టొచ్చు, నియమాల్లో అడగాలనే ఉంది కానీ ఒప్పుకోవాలని లేదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

నాకు కాస్త ఒళ్లు మండింది. నాలుగు నెలలు కళ్లు పొడుచుకుని చదివినదాన్ని నేను, పుస్తకం మొహం చూడని మనిషి కాదంటోంది. తర్వాతి వారం ముసలామె లైన్లన్నీ ఒక కాగితం మీద వరసగా ఎత్తి రాసుకుని మళ్లీ వెళ్లాను. ఒక్కొక్కటీ విడమర్చి చెబితే ఆవిడే ఒప్పుకుంటుందని నా ధీమా.

ఆవిడ అప్పుడే లండన్ నుంచి వచ్చింది. వాళ్ల ఫ్యామిలీ డాక్టర్ రిటైరయ్యాడు, ఇక్కడ చుట్టుపక్కల కొత్త పేషెంట్లని ఎవరూ తీసుకోవడం లేదు. బీపీ మాత్రలు మళ్లీ రాయించుకోవడానికి గంట ప్రయాణం చేసి, అపాయింట్‌మెంట్ లేకుండా చూసే వాకిన్ క్లినిక్‌లో మూడు గంటలు కూర్చుని వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా సోఫాలో కూలబడి, చదవమంది.

"ఇది క్వినైన్. చలిజ్వరానికి," అన్నాను.

"ఊఁ."

"అదే రోజు మళ్లీ క్వినైన్, ఇది తక్కువ మోతాదు. ఇది కాలిన గాయానికి పూత. ఇది నులిపురుగులకి, చిన్నపిల్లలకి వేసే మోతాదు."

అక్కడే ఆగాల్సింది. ఆగలేదు, చదివే ఊపులో ఉన్నాను.

"ఇది దగ్గుకి. ఇది మళ్లీ జ్వరానికి. ఇది ఎర్గాట్, కాన్పయ్యాక రక్తం ఆగకపోతే ఇచ్చేది."

"ఎవరికి?"

నేను ఆ లైను మళ్లీ చూసుకున్నాను.

"ముసలామె అన్నాడు కదా మీ డాక్టరు?"

"అన్నాడు."

ఆవిడ ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తర్వాత అడ్డం పెట్టుకోవడం మానేసి భుజాలు కదిలిపోయేలా నవ్వింది. "డెబ్బయ్యేళ్ల మనిషికి పురుడు పోశావు నువ్వు," అంది. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. నేనూ నవ్వాను కానీ నాది ఏడుపుగొట్టు నవ్వు.

బయటికొచ్చి చర్చి ముందు ఆపిన కారులో కూర్చున్నాను. స్టార్ట్ చేయలేదు. మందుల మీద చదువుకున్నదాన్ని, మోతాదుల మధ్య పెరిగినదాన్ని, ఒకే రోజు ఒకే మనిషికి పెద్దవాళ్ల డోసూ పిల్లల డోసూ రాసి ఉంటే పట్టించుకోలేదు. రాసింది రాసినట్టు ఎక్కించాను. కనీసం అనుమానం వచ్చిన ఒక్కచోట కూడా తప్పు డాక్టరుదేమో అని నోట్ రాసుకున్నాను కానీ, మందు ఇంకెవరికోసమో అని తట్టలేదు. అసలు ఇలాంటిది నేను ఇంతకుముందు చూడలేదా అని నన్ను నేనే అడిగితే, చూశాను. రోజూ చూశాను.

మా డిస్పెన్సరీకి ముందువైపు అరుగూ, మూడు మెట్లూ ఉండేవి. ఊరి చివర దళితుల పేట వాళ్లు ఆ మెట్లు ఎక్కేవాళ్లు కాదు. ఎక్కకూడదని ఎక్కడా రాసి లేదు, ఎవరూ అనగా నేను వినలేదు, కానీ ఎక్కేవాళ్లు కాదు. వెనకవైపు ఊచల కిటికీ ఒకటి ఉండేది. రోజూ నేను స్కూలుకి బయల్దేరేలోపే పేట నుంచి ఒక ముసలమ్మ ఆ కిటికీ దగ్గరికి వచ్చేది. "అయ్యా, పెద్దోడికి జొరం తగ్గలా. చిన్నదానికి ఇరోచనాలు. మా ఎనకింటామెకి కాన్పు అయింది, నిన్నటేల నించి నెత్తురు ఒకటే పోతాంది," అని వరసగా అప్పజెప్పేది. నాన్న అన్నిటికీ మందులు కలిపి, సీసాల మీద మోతాదుకో గాటు పెట్టిన కాగితం పట్టీలు అంటించి, ఊచల్లోంచి ఒక్కొక్కటీ అందించేవాడు. ఆమె ఒక్కో సీసా మెడకి ఒక్కో రంగు గుడ్డపీలిక కట్టుకునేది. ఏది ఎవరికో ఆమెకి తెలుసు. ఒక్కసారి కూడా మారిపోయినట్టు వినలేదు. రిజిస్టర్లో మాత్రం నాన్న అన్నీ ఆమె ఒక్కదాని పేరు మీదే రాసేసేవాడు. అందరి పేర్లూ వయసులూ అడిగి రాయడం ఎవరికి తీరిక.

ఒకసారి జిల్లా నుంచి పెద్ద డాక్టరు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చి ఆ రిజిస్టర్ తిరగేశారు. "ఏవయ్యా, ఈవిడకి లేని రోగం లేదే. ఇంకా బతికే ఉందా?" అన్నారట. నాన్న ఆ రాత్రి అన్నాల దగ్గర ఆయన గొంతుతో అది చెప్పి చూపించాడు. మేం పొలమారేదాకా నవ్వాం. తర్వాత కొన్నేళ్లపాటు మా ఇంట్లో అదొక వేళాకోళం. ఎవరికైనా జలుబూ కడుపునొప్పీ ఒకేసారి వస్తే ఆ ముసలమ్మ పేరు పెట్టి పిలిచేవాళ్లం. మా చెల్లెల్ని నేనే ఎన్నిసార్లు పిలిచానో. కారులో కూర్చుని ఇది గుర్తొస్తే ముందు సిగ్గేసింది, తర్వాత నాన్న మీద కోపం వచ్చింది, ఆ తర్వాత కోపం ఎటు తిప్పాలో తెలియలేదు.

తర్వాతి పది రోజులు పుస్తకం మళ్లీ మొదటి పేజీ నుంచి చదివాను. ముసలామె లైన్లని మోతాదుల ప్రకారం విడగొట్టాను. చంటిపిల్లల మోతాదులు, ఎదిగే పిల్లలవి, పెద్దవాళ్లవి, బాలింతలవి. ఎండాకాలంలో జ్వరం మందు ఒకేసారి ఎన్నో పొట్లాలు పట్టుకెళ్లింది. ఎర్గాట్ ఒకచోట కాదు, ఆరుచోట్ల ఉంది, నా కళ్లు ఒకదాని దగ్గరే ఆగాయి. ఇంకొకటి కూడా చూశాను. ఇంటికి వెళ్లి చూసినట్టు పెట్టే ఇంటూ గుర్తు, వాగవతలి వాళ్ల ఏ లైను పక్కనా లేదు. ఒక్కటి కూడా లేదు. డాక్టరు వాగు దాటలేదు. మందు ఆయన గుమ్మం దాకా, అక్కడి నుంచి మంచం దాకా ఆమె.

డైరెక్టర్‌గారు చెడ్డవారు కాదు. నా కాగితాలన్నీ ఓపిగ్గా చూశారు. రోగిష్టి అన్న మాట తీసేయడానికి వెంటనే ఒప్పుకున్నారు. ఆమె అందరికోసం పట్టుకెళ్లింది, ఆమే వాళ్లని చూసుకుంది అని రాయడానికి మాత్రం తటపటాయించారు.

"ఇది మీ ఊహ. మంచి ఊహే. కానీ ఇలా ఒకరి పేరు మీద అందరి మందులూ రాసే అలవాటు ఎక్కడైనా ఉన్నట్టు ఏ పుస్తకంలోనైనా ఉందా?"

"పుస్తకాల్లో ఉండదండి. రిజిస్టర్ రాసేవాళ్లకి తెలుసు, సీసాలు పట్టుకెళ్లేవాళ్లకి తెలుసు. రాసేవాళ్లు అది రాయరు, పట్టుకెళ్లేవాళ్లకి రాయడం రాదు."

"మరి మీకెలా తెలుసు?"

కాగితాలు సర్దుకుంటూ, చూశానని మాత్రం అన్నాను, ఎక్కడో చెప్పలేదు. ఆయన తొందరపెట్టలేదు. వచ్చే వారం కమిటీ కూర్చుంటుంది, వచ్చి మీరే చెప్పండి, వాళ్లు సరేనంటే నాకు అభ్యంతరం లేదన్నారు.

ఇంట్లో చెబితే మా ఆయన లాప్‌టాప్ లోంచి తలెత్తాడు. "డోసుల సంగతి చెప్పు చాలు. అది సైన్సు, ఎవరూ కాదనరు. పేట, కిటికీ, ఇవన్నీ వీళ్లకెందుకు? మనవాళ్లని మనమే తక్కువ చేసుకున్నట్టు ఉంటుంది."

"డోసులు సరిపోవంటున్నారు."

"సరిపోకపోతే పోనీ. రోగిష్టి అన్నది తీసేస్తామన్నారుగా, చాలు. మావయ్యగారి పేరు ఎందుకు బజార్లో పెట్టడం?"

మా ఆయనకి మా నాన్నంటే నిజంగా గౌరవం. నాకూ ఉంది. అందుకే మా ఆయన మాట నాకు సగం నచ్చింది కూడా. ఆ వారమంతా రోగిష్టి అన్నది తీసేస్తే చాలు కదా అని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను.

కమిటీకి ముందు రోజు పెద్దావిడ దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పాను. కిటికీ, గుడ్డపీలికలు, రిజిస్టర్, పెద్ద డాక్టరు జోకు, మేం నవ్వడం. ఆవిడ ఓదార్చలేదు, తిట్టనూ లేదు. ఆ ముసలమ్మ ఎలా ఉండేదని అడిగింది. చెప్పబోతే తెలిసింది, నాకు ఆమె మొహం గుర్తులేదు. లోపలినుంచి ఊచల్లోంచి కనబడేవి చేతులే. చేతులే గుర్తున్నాయని చెప్పాను. ఆవిడ సరేనని, మర్నాడు తనకి లండన్‌లో బ్లడ్ టెస్టుందని, రాలేనని చెప్పి, "నువ్వు చూసింది చెప్పు," అంది.

కమిటీ అంటే ఎనిమిది మంది. ఒక బల్ల, కాఫీ ఫ్లాస్కు, మఫిన్లు. ముందు డోసులు చూపించాను. అందరూ నోట్ చేసుకున్నారు. తర్వాత, ఇంటర్వ్యూలో మా నాన్న ఫార్మసీ ఫీల్డు అని చెప్పాను కానీ ఆయన ఒక పల్లెటూరి డిస్పెన్సరీలో కాంపౌండర్ అని చెప్పాను. మెట్ల గురించి, కిటికీ గురించి, ఒక ఆడమనిషి పేరు మీద రాసిన పేట మొత్తం జబ్బుల గురించి చెప్పాను. తొమ్మిది నిమిషాలు పట్టింది, నాకు టైం చూసుకునే అలవాటుంది.

రిటైరైన టీచరు ఒకాయన చెయ్యెత్తారు. "ఆ పేట డిస్పెన్సరీకి ఎంత దూరం?"

"నడిస్తే అయిదు నిమిషాలు."

"మీ నాన్నగారు వెళ్లి చూసేవారు కాదా?"

"కాదు."

"ఎందుకని?"

"మా ఊళ్లో ఎవరూ అడగని ప్రశ్న అది. నేనూ అడగలేదు," అన్నాను. "ఆయన దయగల మనిషి. మందు ఎప్పుడూ లేదనలేదు. సైకిలు కూడా ఉండేది."

డైరెక్టర్‌గారు డాక్టరు బోర్డు డ్రాఫ్టు తీసి, నేను రాసిన మంచి మనిషి అన్న లైను పెన్నుతో కొట్టేశారు. ఒకావిడ మాత్రం డాక్టరు కుటుంబం వాళ్లు ఇంకా ఊళ్లో ఉన్నారని, ఆయన వాగు దాటలేదని రాయడం అవమానంగా ఉంటుందేమోనని అన్నది. పుస్తకంలో దాటినట్టు లేదని రాద్దాం, అది నిజమే కదా అన్నారు టీచరుగారు. దాని మీద ఇరవై నిమిషాలు నడిచింది. చివరికి ఒప్పుకున్నారు. ఆమె మంచం పక్కన కూర్చుని మందు తాగించేది అని కూడా నేను రాశాను, దానికి రుజువు లేదని తీసేశారు. తీసేయడం న్యాయమే.

బోర్డులు రెండు నెలలకి వచ్చాయి. గది తెరిచే రోజుకి ముందే, పెద్దావిడని నేను కారులో తీసుకొచ్చాను. జనం లేనప్పుడు చూడాలంది. వాకర్ పట్టుకుని నెమ్మదిగా గది చివరిదాకా నడిచి, బోర్డు ముందు నిలబడి, వేలితో లైను లైనూ పట్టుకుంటూ పైకి చదివింది. ఈ మందులు ఒక్క మనిషికి కావు. వాగవతలి కుటుంబాలన్నిటికోసం ఆమె నడిచి వచ్చి పట్టుకెళ్లింది. ఏ మందు ఎవరికి, ఎంత అన్నది ఆమే గుర్తుపెట్టుకుంది. డాక్టరు వాగు దాటినట్టు ఈ పుస్తకంలో ఎక్కడా లేదు. ఆమె ఒక్కరోజు కూడా మంచం పట్టలేదని ఆమె వారసులు చెబుతారు.

చివరి లైను రెండుసార్లు చదివింది.

"ఇన్నేళ్లూ ఆవిడని ఆ పుస్తకంలో మంచాన పడుకోబెట్టారు," అంది. "ఇవాళ లేచింది."

నేను పక్కన నిలబడ్డాను. నాకు చాలా సంతోషంగా ఉంది, ఒప్పుకుంటాను. నాలుగు నెలలు నేనే పడుకోబెట్టినా, లేపింది కూడా నేనే అన్న సంతోషం. ఆవిడ బోర్డు మీంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"మరి మీ నాన్న రిజిస్టర్లో ఆవిడ?"

ఆ డిస్పెన్సరీ ఎప్పుడో కూలగొట్టారు, రిజిస్టర్లు ఏ గదిలో మూటకట్టి పడేశారో తెలియదు, నాన్న పోయి పన్నెండేళ్లయింది. ఇవన్నీ చెప్పొచ్చు.

"లేవలేదు ఆంటీ," అన్నాను. "ఆవిడకింకా అన్ని రోగాలూ ఉన్నాయి."